కోటి దాటాక తెలుగులో ఏమంటారు? బిలియన్, ట్రిలియన్‌లకు మన మాటలేవి?

జనం వాడే మాటలే కావాలంటే, కోటి దగ్గరే ఆగిపోతాం. ఆ పైన ఆ కోట్లనే లెక్కపెట్టుకుంటాం: వంద కోట్లు, వెయ్యి కోట్లు, లక్ష కోట్లు.

పత్రిక డెస్కులో ఏజెన్సీ వార్తలు తెలుగు చేసే పని నాది, రోజూ ఇదే గొడవ. కొత్తగా చేరినవాళ్ల కంప్యూటర్ అంచుకు ఒక చీటీ అంటిస్తాం: మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. 3.7 బిలియన్ డాలర్లని వస్తే ముందు 370 కోట్ల డాలర్లని రాసుకోవాలి, రూపాయల్లోకి మార్చడం ఆ తర్వాతే. రెండూ ఒకేసారి చేయబోతే ఎక్కడో ఒక సున్నా ఎగిరిపోతుంది, తెల్లారేసరికి పాఠకుల ఫోన్లు మొదలవుతాయి.

పాత పేర్లు లేక కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు రాసిన లీలావతి అనే గణిత గ్రంథంలో కోటి తర్వాత అర్బుదం, అబ్జం, ఖర్వం, నిఖర్వం, మహాపద్మం, శంకువు, జలధి, అంత్యం, మధ్యం, పరార్ధం వరుసగా పదేసి రెట్లు పెరుగుతూ పోతాయి. పరార్ధమంటే ఒకటి పక్కన 17 సున్నాలు! చిక్కల్లా ఒక పట్టికకీ ఇంకోదానికీ పొంతన లేకపోవడమే. లీలావతిలో అర్బుదం పది కోట్లు, హిందీవాళ్ల అరబ్ వంద కోట్లు. ఖర్వం వెయ్యి కోట్లయితే ఖరబ్ పదివేల కోట్లు. మన పాత ఎక్కాల పుస్తకాలు కొన్ని దశకోటి, శతకోటి అయ్యాక గానీ అర్బుదానికి రావు. పద్యంలో ఎంతైనా ఫర్వాలేదు గానీ, ఇలాంటి మాటతో డబ్బు లెక్క రాస్తే కోర్టుకెక్కాల్సిందే.

అందుకే ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ 3,22,359 కోట్లయితే హెడ్డింగులో "3.22 లక్షల కోట్లు" అని పెడతాం. కిరాణా కొట్టాయనకీ, ఆర్థికమంత్రికీ ఒకేలా అర్థమవుతుంది.

మీరు అడగలేదు గానీ, చిన్న లెక్కల్లో మాత్రం పాత మాటలు గట్టిగానే నిలబడ్డాయి. 1957లో దశాంశ నాణేలొచ్చి అణాల లెక్క పోయినా పావలా వడ్డీ పోలేదు. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. బ్యాంకువాళ్లు 18 శాతం అంటే మా ఊళ్లో ఓ క్షణం ఆలోచిస్తారు, రూపాయిన్నర వడ్డీ అనండి, వెంటనే బేరం మొదలెడతారు.