చెక్క తలుపుల క్రైస్లర్‌కు టేకు వేయవచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా చిన్నాన్న కుమారుడు 1947 నాటి క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ కారు ఫొటో పంపాడు. పైకప్పు మడిచి వేసుకునే గుడ్డది. తలుపులు, డిక్కీ చెక్కవి. దాన్ని బాగుచేసి కొత్తదిలా నిలబెట్టారట. ఉక్కు దొరికే రోజుల్లో చెక్క ఎందుకు వాడారు? అది పై అలంకారమేనా? చెడిన చోట మన టేకు వేస్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1942 ఫిబ్రవరిలో అమెరికాలో సామాన్యులకు కార్ల తయారీ ఆగిపోయింది. 1945లో మళ్లీ మొదలైనప్పుడు కొత్త ఆకారాలు గీసి, వాటికి అచ్చులు చేయించేంత వ్యవధి లేనందున, చాలా కంపెనీలు 1942 నాటి కార్లకే ముందు గ్రిల్ మార్చి అమ్మకానికి పెట్టాయి. ఆ పాత రూపానికి కొత్త కళ తేవడానికి క్రైస్లర్, ఫోర్డ్ కంపెనీలు, అప్పటిదాకా స్టేషన్ వ్యాగన్లకు (వెనుక సామానుకు పెద్ద చోటున్న కార్లకు) వాడే చెక్కపనిని 1946లో ఖరీదైన కన్వర్టిబుల్ కార్లకు, అంటే పైకప్పు మడిచే కార్లకు, ఎక్కించాయి. ఫోర్డ్ తన కారుకు స్పోర్ట్స్‌మన్ అని పేరు పెట్టింది. కనుక అది షోకు కోసం పుట్టినదే. కానీ ఉక్కు మీద అతికించిన రేకు మాత్రం కాదు.

మీ ఫొటోలో లేత రంగులో కనిపించే పట్టీలు యాష్ అనే చెట్టు కలపవి. తలుపుకు బలమిచ్చే చట్రం అదే. ముక్కలు కలిసే మూల దగ్గర పరికించండి, రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు అతుకు కనిపిస్తుంది. మధ్యనున్న ముదురు పలకలకు మొదట్లో మహాగని పొర వేసేవారు. తర్వాత ఖర్చు తగ్గించడానికి, మహాగనిలా కనిపించే ముద్రిత పొర అంటించారు. బాగుచేసినవారు ఈ రెండింటిలో ఏది వాడారో అడిగి తెలుసుకోవడం మంచిది.

కార్తీకంలో ముసురు పడితే తిరుపతిలోని మా ఇంటి వీధి తలుపు ఉబ్బి, భుజంతో నెడితే తప్ప తెరుచుకోదు. ఈ కారు తలుపూ అంతే. పైగా యాష్ గట్టిదే గాని తేమకు తట్టుకోదు. వార్నిష్ పగిలిన చోట నీరు దిగితే ముందు నల్లబడి, ఆపైన మెత్తబడుతుంది. వార్నిష్‌ను గడువు తప్పకుండా కొత్తగా పూయవలసి రావడం కొన్నవారికి పెద్ద బెడద.

ఇక టేకు సంగతి. నీటికి ఓర్చుకోవడంలో అది యాష్ కంటే ఎంతో మేలు. అయినా టేకులోని నూనె వల్ల జిగురు పట్టు చాలదు. ముదురు రంగు కావడంతో చట్రానికీ పలకకూ ఉన్న తేడా చెరిగిపోయి, ఆ కారు అందమే పోతుంది. అందుకే నా ఓటు యాష్‌కే. చెడిన మేర కోసి, నార ఒకే వైపు సాగేలా కొత్త ముక్క అతకడం మంచి వడ్రంగి చేయగల పనే. ఈసారి తలుపు అడుగు మూలను దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. వార్నిష్ కింద నల్లని మరక ఉంటే, నీరు ఇంకా దిగుతూ ఉండవచ్చు.