బెంగళూరు చలిలో పెరుగు తోడుకోవాలంటే

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

గుంటూరులో రాత్రి తోడేసి పడుకుంటే తెల్లారేసరికి గడ్డ పెరుగు తయారుగా ఉండేదనీ, వైట్‌ఫీల్డ్‌ ఇంట్లో అలాగే చేస్తున్నా ఒకరోజు పాలు పాలలాగే ఉంటున్నాయనీ, ఇంకోరోజు తీగలు సాగుతున్నాయనీ రాశావు. నీ చెయ్యి మంచిదే. ఇబ్బందంతా వంటింటి చలితోనే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ బయట 15, 16 డిగ్రీలకు పడిపోతుంది. గుంటూరులో తోడేశాక గిన్నె సంగతి మర్చిపోయినా ఊరి వేడి చూసుకునేది. ఇక్కడ ఆ వేడి మనమే ఇవ్వాలి, తోడుకునేదాకా నిలబెట్టాలి.

లోపల జరిగేది తెలిస్తే మిగతాదంతా నీకే తడుతుంది. తోడులో ఉండే సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఆ పులుపు పెరిగి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 దగ్గరికి వచ్చేసరికి పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు ఒకదానికొకటి అల్లుకుని గడ్డ కడుతుంది. ఇవి హుషారుగా పనిచేసేది 40 నుంచి 43 డిగ్రీల మధ్య. 30 దగ్గర నెమ్మదిస్తాయి. 20కి దిగితే దాదాపు పడుకున్నట్టే. 55 దాటితే చాలావరకు చచ్చిపోతాయి. పెరుగుకి వచ్చే తంటాలు ఎక్కువగా ఈ అంకెల్లోనే ఉన్నాయి.

పాల విషయం ముందు. మనవైపు గేదె పాలు తాగి పెరిగావు. వాటిలో వెన్నా, మాంసకృత్తులూ ఎక్కువ కాబట్టి పెరుగు కత్తితో కోసేలా వస్తుంది. ఇక్కడ ప్యాకెట్లలో వచ్చేవి ఎక్కువగా ఆవు పాలు. అదే గట్టిదనం వాటినుంచి ఆశించకు. ప్యాకెట్ రంగు కంపెనీని బట్టి మారుతుంది, అందుకని రంగు చూసి కొనకుండా దాని మీద రాసిన వెన్న శాతం చదువు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6 ఉంటుంది. రోజువారీ అన్నంలోకి 4.5 శాతం పాలు బాగా సరిపోతాయి. పిల్లలకి కమ్మటి పెరుగు కావాలంటే ఫుల్ క్రీమ్ తీసుకో. డబుల్ టోన్డ్ పాలలో వెన్న 1.5 శాతమే, తోడుకుంటాయి గానీ పెరుగులో కమ్మదనం ఉండదు. టోన్డ్ పాలతోనే గట్టిగా కావాలంటే అర లీటరుకి ఒక టేబుల్‌స్పూన్ పాలపొడి గోరువెచ్చని పాలలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత కాచు. హోమోజినైజ్డ్ అని రాసి ఉంటే పైన మందంగా మీగడ కట్టలేదని కంగారు పడకు, వాటిలో వెన్నను చితక్కొట్టి పాలంతా కలిపేస్తారు. టెట్రా ప్యాక్ పాలు కూడా తోడుకుంటాయి, కాకపోతే పెరుగు కొంచెం జారుగా ఉంటుంది.

ప్యాకెట్ పాలు ఎలాగూ పాశ్చరైజ్ చేసినవే కదా అని గోరువెచ్చగా చేసి తోడేస్తున్నావేమో చూసుకో. తాగడానికి అది చాలు, పెరుగుకి చాలదు. పాలను బాగా కాచి కొంతసేపు ఆ వేడిలో ఉంచితే వాటిలోని ఇంకోరకం మాంసకృత్తులు విచ్చుకుని కేసిన్‌ని పట్టుకుంటాయి. పెరుగు గట్టిగా నిలబడేదీ, నీరు తేలకుండా ఆగేదీ దానివల్లే. డెయిరీలో చేసే పాశ్చరైజేషన్ మామూలుగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లే, అంతలో ఈ పని జరగదు. కాబట్టి పొంగు రానిచ్చి, మంట బాగా తగ్గించి, అడుగంటకుండా గరిటె తిప్పుతూ ఎనిమిది, పది నిమిషాలు మరిగించు. మీగడ కావాలంటే ఆ తర్వాత కదపకుండా చల్లారనివ్వు. వద్దనుకుంటే చల్లారేటప్పుడు మధ్యమధ్య కలుపు. తొందరగా ఉంటే గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టు.

ఎంత చల్లారాక తోడెయ్యాలనేదే అసలు కీలకం. వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కో, చవకే. 42, 43 డిగ్రీలు చూపించినప్పుడు తోడెయ్యి. అది లేకపోతే కడిగి తుడుచుకున్న చిటికెనవేలు పాలలో ముంచు. వేడి బాగా తెలుస్తూ, పది అంకెలు లెక్కపెట్టేదాకా వేలు తియ్యాలనిపించకపోతే సరైన వేడి. చురుక్కుమంటే ఆగు. వేడేమీ తెలియకపోతే మళ్లీ స్టవ్ మీద పెట్టి ఒక్క నిమిషం వెచ్చబెట్టు. గోరువెచ్చగా అని అందరూ చెప్పేమాట గుంటూరు వేసవికి సరిపోతుంది. ఇక్కడి చలికాలంలో అంతకంటే కాస్త వేడి మీదే ఉండాలి, ఎందుకంటే గిన్నెలో పోయగానే రెండు మూడు డిగ్రీలు దిగిపోతుంది. అదీ దిగకుండా తోడుపెట్టే గిన్నెను ముందు వేడినీళ్లతో తొలిచి తుడిచి పెట్టుకో.

తోడు కొలత కాలాన్ని బట్టి మారాలి. అర లీటరు పాలకి మార్చి నుంచి మే దాకా ఒక టీస్పూన్, వానాకాలంలో రెండు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు. తోడుకోలేదని అర కప్పు పెరుగు గుమ్మరించేవాళ్లున్నారు. అలా చేస్తే పులుపు త్వరగా ఎక్కుతుంది, పెరుగు పలుకుపలుకుగా ఉంటుంది, నీరు విడుస్తుంది. తోడు ఫ్రిజ్‌లోంచి తీసినది తీసినట్టు వెయ్యకు. పాలు చల్లారేలోపు బయట పెట్టి చలి విరగనివ్వు. రెండు చెంచాల వెచ్చటి పాలు దాంట్లో పోసి, ఉండ ఒక్కటీ లేకుండా చిలికి, అప్పుడు మొత్తం పాలలో కలుపు. అడుగు నుంచి మూడు నాలుగుసార్లు తిప్పితే చాలు.

ఇక వేడి నిలబెట్టడం. గిన్నెను గ్రానైట్ గట్టు మీద ఎప్పుడూ పెట్టకు. ఆ రాయి అడుగునుంచి వేడంతా లాగేస్తుంది, పైన ఎన్ని తువ్వాళ్లు కప్పినా లాభం ఉండదు. కింద చెక్క పీటో, నాలుగు మడతలేసిన పాత టర్కీ తువ్వాలో వెయ్యి. వెడల్పు గిన్నె త్వరగా చల్లారుతుంది కాబట్టి అర లీటరుకి అంచుదాకా నిండే లోతైన చిన్న గిన్నె తీసుకో.

అన్నిటికంటే నమ్మకమైనది హాట్‌ప్యాక్. అందులో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెట్టి పారబొయ్యి. అడుగున చిన్న గుడ్డ వేసి, మూతపెట్టిన పాలగిన్నెను దాంట్లో దించి, చుట్టూ ఉన్న ఖాళీలో ఇంకో గుడ్డ కూరి, హాట్‌ప్యాక్ మూత బిగించు. ఇలా చేస్తే చలికాలంలో కూడా ఆరేడు గంటల్లో తోడుకుంటుంది. హాట్‌ప్యాక్‌లో పట్టనంత పెద్ద గిన్నె అయితే ఆపేసి ఉన్న మైక్రోవేవ్‌లో పెట్టి, పక్కన మూలకి ఒక పెద్ద గ్లాసు మరిగే నీళ్లు ఉంచి తలుపు మూసెయ్యి. పడుకోబోయేముందు ఆ నీళ్లు ఒకసారి మార్చు. ఆ తలుపు మీద చీటీ ఒకటి అంటించడం మర్చిపోకు, పొద్దున్నే ఎవరో కాఫీ వేడిచేసుకుందామని స్విచ్ నొక్కితే తోడంతా పోతుంది. ప్రెషర్ కుక్కర్ కూడా పనికొస్తుంది: రెండు అంగుళాల ఎత్తున 45 డిగ్రీల నీళ్లు పోసి, గిన్నె అందులో పెట్టి, వెయిట్ లేకుండా మూతవెయ్యి. బియ్యం డబ్బాలో పెట్టే పద్ధతి మంచిదేగానీ బియ్యం వేడిని ఆపుతాయి తప్ప పుట్టించవు, పాలు చల్లారాక అందులో పెడితే ప్రయోజనం లేదు.

మట్టికుండలో పెరుగు రుచి వేరు, గట్టిదనమూ వేరు, కుండ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి. కావాలంటే పాటరీ టౌన్‌లో కొనుక్కో. కొత్త కుండను ఒకరోజంతా నీళ్లలో నానబెట్టి ఆరనివ్వాలి. సబ్బుతో తోమితే వాసన మట్టిలోకి దిగుతుంది, వేడినీళ్లూ పీచూ చాలు. అయితే కుండ చల్లబరిచే గుణం ఉన్నది, చలికాలంలో దాన్ని పక్కన పెట్టి మార్చిలో బయటికి తియ్యి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పెరుగు వద్దే వద్దు. ఆ పులుపుకి లోహం పెరుగులోకి దిగుతుంది.

తోడేశాక నాలుగు గంటల వరకు గిన్నె కదపకు. గడ్డ కట్టేటప్పుడు కుదిపితే ఆ అల్లిక తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. తర్వాత గిన్నెను కొద్దిగా ఒంచి చూడు. పైపొర అలలా కదలకుండా మొత్తం ఒకే ముద్దగా వంగి, అంచు దగ్గర సన్నగా విడినట్టు కనిపిస్తే తోడుకున్నట్టు. శుభ్రమైన చెంచాతో ఒకచోట కోసి తీస్తే గాటు నిలువుగా నిలబడాలి, కాసేపటికి ఆ గుంటలో పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసిన రంగులో నీరు కొంచెం ఊరుతుంది. ఆ రంగు చూసి పాడైందనుకోకు. అది రైబోఫ్లేవిన్ అనే విటమిన్ రంగు, పారబోయకుండా మజ్జిగలో కలుపుకో. ఈ స్థితి కనిపించగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. గడియారం చూసి ఎనిమిది గంటలని ఉంచేస్తే వేసవిలో పుల్లటి పెరుగే తింటావు. ఫ్రిజ్‌లో రెండు గంటలుంటే ఇంకా బిగుసుకుంటుంది.

తీగలు సాగుతోందని రాశావే, దానికి కారణం ఇది. వేడి చాలనప్పుడు చల్లదనంలో పెరిగే రకాలు పైచేయి సాధిస్తాయి, వాటిలో కొన్ని జిగురు పదార్థం తయారుచేస్తాయి. వాసన, రుచి మామూలుగా ఉంటే ఆ పెరుగు తినడానికి భయం లేదు, తోడుకి మాత్రం ఉంచకు. ఉంచితే రేపటి పెరుగూ సాగుతుంది. కొత్త తోడు తెచ్చి 42 డిగ్రీల దగ్గర రెండుసార్లు వరసగా తోడెయ్యి, పోతుంది.

పొద్దున్నకి తోడుకోకపోతే పారబోయడానికి తొందరపడకు. ముందు వాసన చూడు. తియ్యటి పాల వాసనో, లేత పులుపో వస్తుంటే గిన్నెను 45 డిగ్రీల నీళ్లలో కదపకుండా పెట్టి గంటన్నర, రెండు గంటలు చూడు, చాలావరకు తోడుకుంటుంది. చేదు, కుళ్లు వాసన వచ్చినా, పైన గులాబీ, నారింజ, నలుపు రంగు మచ్చలు కనిపించినా మొత్తం పారబోసెయ్యి. బూజు పైపైన తీసేసి తినేవాళ్లుంటారు, నువ్వు అలా చెయ్యకు. వేడీ, తోడూ రెండూ సరిగ్గా ఉండి కూడా విడిపాలు తోడుకోకపోతే పశువుకి ఇచ్చిన యాంటీబయాటిక్ మందు పాలలోకి వచ్చి ఉండొచ్చు. ఆ పాలు మానేసి వేరేచోట తీసుకో. పెరుగు మీద నీరు ఎక్కువగా తేలితే ఎక్కువసేపు ఉంచావనో, తోడు ఎక్కువైందనో, పాలు మరీ వేడి మీద ఉన్నాయనో లెక్క.

కొత్త తోడు ఎక్కడిదంటావా, పక్కింటి కన్నడావిడను అడుగు. "హెప్పుకి కొంచెం మొసరు", అంటే తోడుకి కొంచెం పెరుగు అని అడిగితే కాదనే ఇల్లు ఉండదు. కొన్న ప్యాకెట్ పెరుగూ పనికొస్తుంది, చక్కెర, పళ్లరుచులు కలపనిదీ, తయారుచేశాక మళ్లీ వేడిచేయనిదీ అయితే. పచ్చిమిరపకాయ తొడిమల మీద కూడా ఈ జాతి సూక్ష్మజీవులుంటాయి. ఏదీ దొరకనప్పుడు కడిగిన నాలుగైదు తొడిమలు గ్లాసుడు వెచ్చటి పాలలో వేసి పది పన్నెండు గంటలు వేడిలో ఉంచితే వదులుగా తోడుకుంటుంది. దాన్ని తినకుండా తోడుగా వాడి మరో గ్లాసు చేసుకుంటే నిలకడగా వస్తుంది. నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి తప్ప పెరుగు కావు.

తోడుకి పెరుగు తీసే పద్ధతి కూడా చెప్తాను. గిన్నె మీద చెయ్యి పడకముందే, అందరూ వడ్డించుకోకముందే, పొడి చెంచాతో రెండు చెంచాలు చిన్న స్టీలు డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టు. ఎంగిలి చెంచాలూ, ఊరగాయ చేతులూ తగిలిన పెరుగు తోడుకి ఉంచకు. మూడు నాలుగు రోజుల తోడు బాగా పనిచేస్తుంది, వారం దాటితే నీరసిస్తుంది.

సంక్రాంతికి ఊరెళ్తానన్నావు కదా. వెళ్లేముందు తాజా పెరుగు శుభ్రమైన ఐస్ ట్రేలో గడికొక చెంచా చొప్పున వేసి, ట్రేను కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టు. తిరిగొచ్చాక రెండు గడ్డలు కరగనిచ్చి ముందు ఒక్క గ్లాసు పాలకే తోడెయ్యి, గడ్డకట్టిన సూక్ష్మజీవుల్లో కొన్ని పోతాయి కాబట్టి రెండు మూడు గంటలు ఆలస్యమవుతుంది. అది తోడుకున్నాక దాంతో పెద్ద గిన్నెకి వేసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ