సింగిల్ సెల్ ప్రోటీన్ శాంపిల్స్ మొదలెడుతున్న తమ్ముడికి

తమ్ముడూ, నిన్న ఫోన్‌లో సగం సగం చెప్పాను, మీ హబ్సిగూడ మెట్రో గోలలో నీకేం వినపడిందో ఏమో, అందుకే ఒక్కో కణంలోని ప్రోటీన్లని మాస్ స్పెక్‌లో (అణువుల బరువు కొలిచే మెషిన్) కొలవడానికి శాంపిల్ ఎలా తయారుచేయాలో రాస్తున్నా.

ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకో. డీఎన్‌ఏ అయితే పీసీఆర్‌లో పెట్టి కాపీలు పెంచుకుంటాం, ప్రోటీన్‌కి ఆ సదుపాయం లేదు. మన కణం ఒక్కదాంట్లో మొత్తం ప్రోటీన్ సుమారు 200 పికోగ్రాములు (గ్రాములో లక్ష కోట్ల వంతు ఒక పికోగ్రాము), అందులో ప్లాస్టిక్ గోడకి అంటుకున్నది ఇక పోయినట్టే. కాబట్టి ట్యూబ్‌లు మార్చడం, కాలమ్‌లో క్లీనప్ చేయడం ఇవన్నీ మానెయ్, కణం ప్లేట్‌లో ఏ వెల్‌లో (చిన్న గుంటలో) పడిందో పనంతా అందులోనే అయిపోవాలి. ప్రోటీన్ తక్కువగా అంటుకునే లో-బైండ్ ప్లేట్‌కి డబ్బులు చూసుకోకు. కణాల్ని పగలగొట్టే డిటర్జెంట్ ఎస్‌డీఎస్ అస్సలొద్దు, అది ఉంటే మాస్ స్పెక్ సిగ్నల్ పాడవుద్ది, తీసేయాలంటే మళ్లీ క్లీనప్, మళ్లీ నష్టం.

నాకు బాగా నచ్చింది బోస్టన్‌లో స్లావోవ్ ల్యాబ్ వాళ్ల ఎంపాప్ పద్ధతి. 384 వెల్ ప్లేట్‌లో వెల్‌కి 1 మైక్రోలీటర్ స్వచ్ఛమైన నీళ్లు, అందులోకి సార్టర్ మెషిన్‌తో ఒక్కో కణాన్ని వేసి (సార్టింగ్), చుక్క అడుక్కి దిగేలా సెంట్రిఫ్యూజ్‌లో స్పిన్ చేసి, మైనస్ 80లో గడ్డ కట్టించి, తర్వాత 90 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడి చేస్తే కణం పగిలిపోద్ది, డిటర్జెంటే అక్కర్లేదు. తర్వాత టీఈఏబీ అనే బఫర్‌లో ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైమ్ ట్రిప్సిన్, 37 డిగ్రీల్లో 3 గంటలు చాలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 1 మైక్రోలీటర్ అంటే కంటికి కనిపించీ కనిపించనంత చుక్క, అది మూతకి ఎగిరి అంటుకుంటే వెల్ అడుగు ఎండిపోద్ది, అందులోనూ మన దగ్గర మే నెలలో ఏసీ గదిలో ఎంత పొడిగా ఉంటుందో తెలుసుగా. సీల్ అంచులు రోలర్‌తో గట్టిగా నొక్కు, థర్మోసైక్లర్ (ప్లేట్‌ని వేడి చేసే మెషిన్) మూత వేడిగా ఉందో లేదో చూడు, ప్రతి స్టెప్ తర్వాత స్పిన్ చెయ్, ప్లేట్‌ని లైట్‌కి ఎదురుగా పట్టి చుక్క అడుగునే ఉందా, గోడకి వేలాడుతుందా అని వెల్ వెల్ చూడు, బద్ధకించకు. సార్టర్ గురి సరిగ్గా ఉందో లేదో ముందు పాత ప్లేట్ మీద సీల్ అతికించి దానిపై చుక్కలు వేయించి చూసుకో.

సార్టింగ్‌కి ముందు కణాల్ని చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణంతో బాగా కడుగు, లేదంటే కణాలు పెంచిన సీరంలోని ఆల్బుమిన్ ప్రోటీన్ అన్నిటికంటే ముందు కనిపిస్తుంది. కెరాటిన్ అనే ప్రోటీన్ మన చర్మం నుంచీ దుమ్ము నుంచీ వస్తుంది, గ్లోవ్స్ తరచూ మార్చు.

చాలా కణాల్ని కలిపి ఒకేసారి కొలవడానికి ఒక్కోదానికి గుర్తు పెట్టే టీఎంటీ లేబుల్స్ వాడితే, సిగ్నల్ పెంచడానికి వాటితో కలిపే కణాల గుంపు, అంటే క్యారియర్, 200 కణాలు దాటనివ్వకు, ఎక్కువ పెడితే లిస్టులో ప్రోటీన్ల సంఖ్య బాగుంటుంది గానీ ఒక్కో కణం కొలత నమ్మలేం. మందు వేసినవీ వేయనివీ వేరే వేరే ప్లేట్లలో పెట్టకు, ఒకే ప్లేట్‌లో కలగలిపి పెట్టు.

ప్రతి ప్లేట్‌లో కణం లేని వెల్స్ కొన్ని ఉంచు, వాటికీ ట్రిప్సిన్, లేబుల్ అన్నీ వెయ్యి. మీ సార్ తొందరపెట్టినా ముందు ఆ ఖాళీ వెల్స్ డేటానే తెరువు, అందులోనూ నీ కణాల్లో ఉన్న ప్రోటీన్లే అదే స్థాయిలో కనిపిస్తే ఆ ప్లేట్ పక్కన పెట్టెయ్, ఏదో ఒకటి చూపించాలని గ్రాఫ్‌లు గీయకు.