మూడు గొట్టాల పడవా, రెండు గొట్టాల పడవా?

ప్రశ్న: మేము చెన్నై అంబత్తూరులో స్థిరపడిన నెల్లూరు వాళ్లం. అమ్మానాన్నలు, తమ్ముడి కుటుంబంతో కలిపి ఎనిమిది మందిమి. కోవళం దాటాక మా బావమరిది తోట బ్యాక్‌వాటర్ ఒడ్డునే ఉంది. నెలకు రెండు ఆదివారాలు అక్కడ తిరగడానికి పాంటూన్ పడవ, అంటే మూసిన లోహపు గొట్టాలపై తేలే చదునైన పడవ, కొనాలనుకుంటున్నాము. 115 హెచ్‌పీ ఇంజన్‌తో మూడు గొట్టాల కొత్త పడవ 48 లక్షలు అంటున్నారు. కేరళలో ఒక రిసార్ట్ వాడిన రెండు గొట్టాల పడవ, 60 హెచ్‌పీ ఇంజన్‌తో 14 లక్షలకు వస్తుంది. అత్యవసర నిధి కాకుండా చేతిలో 18 లక్షలు ఉన్నాయి. మిగతా 30 లక్షలను 12 శాతం వడ్డీకి ఐదేళ్ల వ్యక్తిగత రుణంగా బ్యాంకు ఇస్తానంటోంది. ఏది కొనమంటారు?

జవాబు: రెండు గొట్టాలదే కొనండి, అది కూడా కింద చెప్పిన పరీక్షల్లో నెగ్గితేనే.

30 లక్షల రుణానికి నెలసరి వాయిదా సుమారు 66,700 రూపాయలు అవుతుంది. ఐదేళ్లలో వడ్డీయే 10 లక్షలు దాటుతుంది. ఈశాన్య రుతుపవనాలు ఉండే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మీ పడవ ఒడ్డునే ఉంటుంది కనుక, నెలకు రెండుసార్ల లెక్కన ఏడాదికి 18 షికార్లు, ఐదేళ్లకు 90 మిగులుతాయి. అంటే పెట్రోలు పోయకముందే, ఒక్కో ఆదివారానికి వడ్డీ కింద 11 వేలు చెల్లించి పడవ ఎక్కుతున్నారన్న మాట. పైగా ఆ 48 లక్షల్లో జీఎస్టీ కలిసిందో లేదో మీరు రాయలేదు. విహార పడవలపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 40 శాతం. కలవకపోతే ధర 67 లక్షలు దాటుతుంది.

మూడో గొట్టం వృథా అని నేను అనను. అది ఎక్కువ బరువు మోస్తుంది, పెద్ద ఇంజన్‌ను తట్టుకుంటుంది, అలల్లో నిలకడగా సాగుతుంది. అయితే నాన్నగారిని కూర్చోబెట్టుకుని నెమ్మదిగా తిరిగే బ్యాక్‌వాటర్‌లో ఆ శక్తికి పని తక్కువ. 115 హెచ్‌పీ ఇంజన్ పూర్తి వేగంలో గంటకు సుమారు 40 లీటర్లు తాగుతుంది, 60 హెచ్‌పీకి అందులో సగమే. ఎంతమంది ఎక్కవచ్చో పడవకు బిగించిన రేకుపై ఉంటుంది, అది ముందు చదవండి. మన ఇళ్లలో ఎనిమిది మంది బయలుదేరితే బంధువులతో పన్నెండు మంది కావడం మామూలే. 2011 డిసెంబరు 25న పులికాట్ సరస్సులో పడవ బోల్తా పడి 22 మంది మరణించిన సంగతి మీ నెల్లూరు వారికి నేను గుర్తుచేయనక్కర్లేదు. మిగిలే నాలుగు లక్షల్లో మొదటి ఖర్చు అందరికీ లైఫ్ జాకెట్లు.

ఇక పాత పడవలో అసలు ప్రమాదం ఉప్పునీరు. గొట్టాలు అల్యూమినియంవి, వాటిని కాపాడటానికి ముందుగా తామే తినుకుపోయే లోహపు దిమ్మలు అడుగున బిగిస్తారు. అవి అరిగిపోయినా మార్చని యజమాని గొట్టాలనూ పట్టించుకుని ఉండడు. రాగి కలిసిన పెయింటు అడుగున వేసి ఉంటే బేరం వదిలేయండి, ఎందుకంటే రాగి అల్యూమినియంను కొరికేస్తుంది. గొట్టం లోపల విడివిడి గదులు ఉంటాయి. ఒక్కో గదిలో గాలి నింపి ఒత్తిడి పడిపోతుందేమో చూసే మెకానిక్‌ను మీ ఖర్చుతో తీసుకువెళ్లండి. కొన్న తర్వాత ప్రతి షికారుకూ పడవను ట్రైలర్‌పై పైకి లాగి, ఇంజన్‌తో సహా మంచినీటితో కడగాలి. ఈ పనికి ఇంట్లో ఎవరు ముందుకొస్తారో ఇప్పుడే అడిగి చూడండి.

ఇంజన్ పడవకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమా తప్పనిసరి. బావమరిది ఒడ్డు సొంతమే అయినా, ఆటుపోట్లు తగిలే నీటి అంచున రేవు కట్టాలంటే తీరప్రాంత నియంత్రణ అనుమతి కావాలి. ఆ కాగితం చేతికి వచ్చాకే కేరళ వారికి అడ్వాన్సు ఇవ్వండి. గొట్టాలు పరీక్షలో తప్పితే, ఆ నిరాశలో మూడు గొట్టాల వైపు మళ్లకుండా, డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, ఈ ఏడాదికి ముట్టుకాడు పర్యాటక బోట్‌హౌస్‌లో పడవ అద్దెకు తీసుకుని తిరగండి.