దొంగకే తాళాలిస్తే...

ప్రశ్న: నా మనవడు 1946 నాటి ‘ఎ స్కాండల్ ఇన్ పారిస్’ సినిమా చూపించినాడు. నగలు కొట్టేసినోడే వాటిని ‘కనిపెట్టి’ పోలీసు పెద్దయిపోతాడు! నిజం కథే తాతా అంటాడు వాడు. కట్టుకథరా అంటాన్నేను. మసాలా దోసె పందెం. తేల్చండి.
– ఒక పాఠకుడు, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: దోసె చెరి సగం తినండి పెద్దాయనా. సినిమాలోని ఆ దొంగ విడోక్ నిజంగా ఉన్నాడు. 1775లో ఫ్రాన్స్‌లోని అర్రాస్‌లో రొట్టెల వ్యాపారి ఇంట పుట్టాడు. జైల్లో పుట్టడం సినిమావాళ్ల కల్పన. జైళ్ల నుంచి పారిపోవడంలో మాత్రం అసలువాడూ ఘనుడే. చివరికి జైల్లో ఉంటూనే పోలీసులకు కబుర్లు చేరవేసి, 1812 ప్రాంతంలో పారిస్‌లో నేరపరిశోధక దళానికి పెద్దయ్యాడు. మొదట కొద్దిమందే మనుషులు, ఎక్కువగా జైలుకెళ్లొచ్చినవాళ్లే. వీళ్లే జేబులు కొడుతున్నారని గిట్టనివాళ్లు అంటే, అందరూ చేతితొడుగులు వేసుకోవాలన్నాడట. క్రైం పార్టీలో ముప్పై ఏళ్లు చేసిన కానిస్టేబుల్‌గా చెబుతున్నా, తొడుగుల చేత్తో జేబు కొట్టడం ఎవడి తరమూ కాదు.

సినిమాలో నాకు నచ్చింది నగల రికవరీ కాదు, గుర్రం. చర్చిలో గీసే బొమ్మకు, గుర్రమెక్కిన క్రైస్తవ సాధువు సెయింట్ జార్జ్‌లా కూర్చోమంటే, కూర్చున్న గుర్రంతోనే ఉడాయిస్తాడు! మంత్రిగారమ్మాయి ఆ బొమ్మనే ఆరాధిస్తుంది. విడోక్ వేషంలో జార్జ్ శాండర్స్ కనుబొమ్మ కూడా పెద్దగా కదపకుండా లాగించేశాడు. మీ మనవడికి చెప్పండి, 1967 ‘జంగిల్ బుక్’లో షేర్‌ఖాన్ గొంతు ఆయనదే. బ్యాంకు దోచడానికి సొంత ముఠానే అందులో కొలువు పెట్టించినవాడు ప్రేమలో పడి మారిపోవడం మాత్రం నేను నమ్మను. దర్శకుడు డగ్లస్ సర్క్ కూడా నమ్మినట్టు లేదు, నవ్వుతూనే తీశాడు.

ఇక దొంగే దొంగల్ని పట్టడం జరిగే పనేనా అంటారా? పాము కాళ్లు పాముకెరుక. ఒకసారి తిరుమలలో గరుడసేవ బందోబస్తులో ఉన్నాం. గుర్తుపడతాడని ఒక పాత కేడీని వెంట తీసుకెళ్లాం. గంటసేపు నాకెవరూ కనపడలేదు. అతను మెల్లిగా, “సార్, అందరూ సామిని చూస్తాండారు. ఆ పచ్చ తువ్వాలోడు నడుములు చూస్తాండాడు” అన్నాడు. వెళ్లి పట్టుకుంటే రెండు పర్సులు, ఒక గొలుసు. పట్టింది నేనని రాశారు. అతనికి దక్కింది ఒక టీ.