టెలిస్కోపు ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. రాత్రయితే డాబా దిగదు. ఆస్ట్రానమీ చదువుతానంటోంది, పాతిక వేల టెలిస్కోపు కొనమంటోంది. కొనాలా? ఆ చదువుకి ఉద్యోగాలున్నాయా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: టెలిస్కోపు ఇప్పుడే వద్దండీ. మా అబ్బాయికి నేను తొందరపడి ఒకటి కొన్నాను. డబ్బా మీద 500 రెట్లు అని రాసుంది. దాని లెన్సు వెడల్పు 60 మిల్లీమీటర్లు. అంత లెన్సుతో 120 రెట్లు దాటితే మిగిలేది మసకే. స్టాండు సంగతి సరేసరి, చెయ్యి తగిలితే చంద్రుడు వణికేవాడు. ఇప్పుడది అటక మీద ఉంది.

ఒక 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, లెన్సు వెడల్పు 50 మిల్లీమీటర్లు) కొనివ్వండి. గురుగ్రహం ఎక్కడుందో స్టెలేరియం ఆప్‌లో చూసుకుని, మోచేతులు పిట్టగోడకి ఆనించి చూడమనండి. గ్రహానికి అటూఇటూ ఒకే వరుసలో చిన్న చుక్కలు, నాలుగు దాకా ఉంటాయి. అవి దాని చంద్రుళ్లు. రోజూ ఒకే టైముకి నోట్‌బుక్‌లో గీయాలి. ఒకరోజు మూడే కనిపిస్తాయి, నాలుగోది ఏమైందో తనే ఆలోచించుకోవాలి. 1610లో గెలీలియో చేసిన పని ఇదే. ఆ నాలుగింట్లో లోపలున్న అయో గ్రహాన్ని రెండు రోజుల్లోపే చుట్టేస్తుంది, బయటున్న కలిస్టోకి దాదాపు 17 రోజులు. ఈ తేడా ఎందుకని అడిగి, ఫిజిక్స్ పుస్తకంలో కెప్లర్ సూత్రాలు (గ్రహాలు ఎలా తిరుగుతాయో చెప్పేవి) తిరగేసిందంటే ఈ చదువుకి పనికొస్తుంది. చూసి మురిసిపోవడంతో ఆగితే అది మంచి హాబీ, అందులోనూ తప్పేం లేదు.

ఉద్యోగాలు ఉన్నాయి, కానీ తక్కువ, పైగా ఆలస్యం. పీహెచ్‌డీ లేకుండా పరిశోధన ఉద్యోగం రాదనే అనుకోండి, అంటే ఇంటర్ తర్వాత సుమారు పదేళ్లు. సైన్స్ చదువులకున్న కేంద్ర సంస్థల్లో ఐసర్‌కి ఐఏటీ, నైసర్‌కి నెస్ట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. అంతరిక్ష చదువులకున్న తిరువనంతపురం ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఇవేవీ రాకపోతే బీఎస్సీ ఫిజిక్స్ చాలు, ఆ తర్వాత ఎమ్మెస్సీ. హైదరాబాద్‌లోనే ఉస్మానియాకు ఆస్ట్రానమీ విభాగం ఉంది. పీహెచ్‌డీకి పుణెలో ఐయూకా, బెంగళూరులో ఐఐఏ లాంటి ఖగోళ పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఫెలోషిప్ ఇస్తారు కాబట్టి అక్కడ ఖర్చుల టెన్షన్ తక్కువ. ఆస్ట్రానమర్ అంటే రాత్రంతా ఆకాశం చూసేవాళ్లనుకుంటారు (బంధువులైతే జాతకం చెప్పమంటారు). నిజానికి పగలంతా కంప్యూటర్ ముందు పైథాన్ కోడ్ రాయడమే ఎక్కువ. మధ్యలో మనసు మారినవాళ్లు ఆ కోడింగ్‌తోనే డేటా ఉద్యోగాల్లోకి వెళ్తున్నారు.

రెండు నెలలు ఆ నోట్‌బుక్ నిండాక టెలిస్కోపు మాట మళ్లీ ఎత్తండి. అప్పటికి ఎంత వెడల్పు అద్దం కావాలో మీ అమ్మాయే మీకు చెబుతుంది.