మేనకోడలికి ఉత్తరం: స్టేట్‌మెంట్‌లో కౌన్సిల్ పద్దు

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, లండన్‌లో ఒక్కదానివే చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. అయితే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తెలియని పద్దేదో కనిపిస్తోందని, దాన్ని ఆపించబోతున్నావని ఆమె ఆ వెంటనే అన్న మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆపించకు, తల్లీ.

ఆ పద్దులో ఎల్‌బీ అని ఉంటే లండన్ బరో, అంటే నగరంలో నీ ప్రాంతపు స్థానిక పాలనా విభాగం, అని అర్థం. పక్కనున్న అంకెలను ఆ బరోను నడిపే కౌన్సిల్ పంపిన బిల్లు మీది ఖాతా సంఖ్యతో సరిచూడు. రెండూ కలిస్తే అది నీ కౌన్సిల్ ట్యాక్సే, అంటే ఇక్కడి ఇంటిపన్ను. ఇన్నాళ్లూ పూర్తికాలపు విద్యార్థివి, వాళ్లకు ఆ పన్ను మినహాయింపు ఉంటుంది కాబట్టి దాని పేరు నీ దాకా రాలేదు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, ఇల్లు ఖాళీ చేస్తున్న మిత్రుడు చూపిన చోటల్లా సంతకాలు పెట్టి అతని గదిలో దిగాను. నెల తిరిగేసరికి స్టేట్‌మెంట్‌లో నాలుగు పొడి అక్షరాలు, వాటి ఎదుట నా జీతానికి బరువైన మొత్తం కనిపించాయి. మన ఊళ్లో ఇంటిపన్ను యజమాని కడతాడు. ఇక్కడ సాధారణంగా కాపురమున్నవాళ్లే కట్టాలని నాకు తెలియదు. ఎవరో మోసం చేస్తున్నారనుకుని, బ్యాంకుకు వెళ్లి డైరెక్ట్ డెబిట్ (ఖాతా నుంచి నేరుగా సొమ్ము తీసుకునేందుకు ఇచ్చిన అనుమతి) రద్దు చేయించి, ఆ తెలివితేటలకు మురిసిపోతూ మీ అమ్మ పెళ్లికి విమానమెక్కాను. రెండు నెలల తరువాత తలుపు తీస్తే, గుమ్మం లోపల కవర్ల కుప్ప. మొదటిది గుర్తుచేసే నోటీసు. ఏడు రోజుల్లో కట్టి ఉంటే అక్కడితో పోయేది. కట్టనందుకు ఏడాదికి మిగిలిన బాకీ మొత్తం ఒకేసారి చెల్లించాలన్నారు. ఆఖరిది మెజిస్ట్రేటు కోర్టు సమన్లు, అందులోని తేదీ కూడా దాటిపోయింది. మన ఇంట్లో కోర్టు గుమ్మం ఎక్కిన మొదటివాడిని నేనే అవుతానేమోనని వణికిపోయాను. అప్పు చేసి, ఖర్చులతో సహా కట్టాను. పెళ్లికి మీ అమ్మకు పెడతానన్న గొలుసు మరుసటి ఏడాదికి గాని పెట్టలేకపోయాను. ఆమె ఒక్కసారీ అడగలేదు; అడిగి ఉంటే కొంత తేలిక పడేవాడిని.

ఒంటరిగా ఉంటున్నావు కాబట్టి 25 శాతం తగ్గింపు వస్తుంది, అడిగి తీసుకో. పన్ను నీ అద్దెను బట్టి ఉండదు. 1991 ఏప్రిల్ 1 నాటి విలువను బట్టి ఇంటిని ఏ నుంచి హెచ్ దాకా ఏదో ఒక బ్యాండ్‌లో, అంటే తరగతిలో, పెడతారు; పన్ను దాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాల్లో తీసుకుంటారు; ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏమీ పోకపోతే అప్పు తీరిందని సంబరపడి ఆ డబ్బు ఖర్చు చేసేయకు. నిజంగానే తప్పు మొత్తం తీసుకుంటే డైరెక్ట్ డెబిట్ హామీ కింద బ్యాంకే తిరిగి ఇస్తుంది, కాబట్టి తొందరపడి రద్దు చేయవలసిన పని లేదు. ఇల్లు మారిన రోజున మాత్రం కౌన్సిల్‌కు తప్పక తెలియజెయ్యి.

బిల్లు ఫొటో తీసి నాకు పంపు. నీ అనుమతి లేనిదే కౌన్సిల్ వాళ్లు నాతో మాట్లాడరు, అందువల్ల ఫోన్ నువ్వే చెయ్యాలి. ఆదివారం వచ్చి బిల్లు దగ్గర పెట్టుకుని చూద్దాం. ఈలోగా గుమ్మం దగ్గర పడిన కవర్లను చెత్తబుట్టలో వెయ్యకు.

ఇట్లు,
మీ మామయ్య